మందను దాటి నిలిచిన తప్పు: ‘ఇగ్రీజస్’ అనే మాట అర్థం, వాడుక

మీరు అడిగినవి మూడు సంగతులు. ‘ఇగ్రీజస్’ (egregious) అనే ఇంగ్లీషు విశేషణానికి ఒక నిఘంటువు ‘ప్రఖ్యాతమైన’ అనీ, మరొకటి ‘పరమ చెడ్డదైన’ అనీ అర్థమిస్తే దేన్ని నమ్మాలన్నది మొదటిది. తెలుగులోకి తెచ్చేటప్పుడు ‘ఘోరమైన’ అంటే సరిపోతుందా అన్నది రెండవది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడు ఒక నివేదికలో తేదీ తప్పు వేసి, తన పై అధికారికి రాసిన క్షమాపణ ఉత్తరంలో దాన్ని ‘మై ఇగ్రీజస్ మిస్టేక్’ అన్నాడని, అది పంపవచ్చునా అన్నది మూడవది. న్యాయ, పరిపాలనా పత్రాలను ముప్పై ఏళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్న నేను ఈ మాట ఎదురైనప్పుడల్లా కలం ఆపి ఆలోచించవలసి వచ్చింది. అందుకే కాస్త విపులంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా ఉచ్చారణ సంగతి. అక్షరాలను చూసి మనవాళ్లు ‘ఎగ్రెగియస్’ అంటుంటారు. రెండవ అక్షరమైన ‘గ్రీ’ని ఒత్తి పలకాలి, దాని తర్వాత వచ్చేది ‘జ’ కారం. చివర ‘జస్’ అన్నా ‘జియస్’ అన్నా తప్పు లేదు.

ఇక మీ మొదటి సందేహం. రెండు నిఘంటువులూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే మాట జీవితంలోని రెండు దశలను అవి చూపుతున్నాయి. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. దాని ముందు ‘బయటికి’ అనే అర్థమున్న ఉపసర్గ చేరి ‘ఎగ్రెగియుస్’ అయింది. మందలోనుంచి విడిగా, పైకి కనబడేది అని దాని మూలార్థం. మందలో మేలైన జీవాన్ని కాపరి ఏరి పక్కన నిలబెట్టినట్టు ఊహించుకుంటే చాలు. రోమన్లకు ఇది పొగడ్త. సామ్రాజ్య కాలంలో, సెనేటర్ల తర్వాతి హోదా గల ఈక్వెస్ట్రియన్ వర్గానికి చెందిన ఒక స్థాయి అధికారులకు ‘విర్ ఎగ్రెగియుస్’ అనేది బిరుదుగా కూడా ఉండేది. ఇంగ్లీషులో గుంపుగూడడానికి, వేరుచేయడానికి, మొత్తం కట్టడానికి వాడే కాంగ్రిగేట్, సెగ్రిగేట్, అగ్రిగేట్ అనే క్రియలలో ఉన్నదీ ఆ మందే. ఇటలీలో నేటికీ మర్యాదగా ఉత్తరం రాసేవారు ‘ఎగ్రెజియో సిన్యోరె’ అని మొదలుపెడతారు. అంటే ‘గౌరవనీయులైన అయ్యా’ అన్నమాట. అదే పిలుపును ఇంగ్లీషులోకి అక్షరాలా మార్చి ఎవరికైనా పంపితే వారు నిర్ఘాంతపోతారు.

తెలుగువారికి ఇది వింతగా తోచనక్కరలేదు. తిరుమలలో శ్రీవారి కైంకర్యాలు అన్నప్పుడు చేతులు జోడిస్తాం, సంఘం సొమ్మంతా కైంకర్యం చేశాడన్నప్పుడు పళ్లు కొరుకుతాం. మాట ఒకటే, సేవ అనే అర్థం ఒకచోట నిలిచింది, స్వాహా అనే అర్థం మరొకచోట పుట్టింది, రెండూ కలిసే బతుకుతున్నాయి. వేదం చదివినవాడైన ఛాందసుడు కాలం తెలియని మూర్ఖుడిగా మారడం, ఏ వాసననైనా చెప్పగలిగిన కంపు దుర్వాసనకే పరిమితం కావడం మన భాషాశాస్త్ర పాఠాలలో అర్థాపకర్షకు, అంటే మాట అర్థం చెడుగా దిగజారడానికి, ఇచ్చే ఉదాహరణలే. అయితే ‘ఇగ్రీజస్’కు వీటన్నిటికన్నా దగ్గరి చుట్టం ‘ఘరానా’ అని నా అభిప్రాయం. హిందుస్తానీలో అది ఇల్లు, వంశం; గ్వాలియర్ ఘరానా, కిరానా ఘరానా అని సంగీత సంప్రదాయాలను నేటికీ ఆ మాటతోనే చెబుతారు. తెలుగులో ఘరానా మనిషి అంటే మొదట పెద్దింటి మనిషి. ఆ తర్వాత ఘరానా దొంగ వచ్చాడు, ఘరానా మోసం వచ్చింది. ఇప్పుడు పత్రికలో ‘ఘరానా’ అనే మాట చూడగానే తర్వాత రాబోయేది మోసమేనని పాఠకుడికి తెలిసిపోతుంది. గొప్పదనాన్ని చెప్పే మాట చెడ్డతనపు గొప్పను చెప్పడానికి తిరిగింది. పాత మాట పూర్తిగా చావలేదు కూడా. ఆ ‘గొప్ప’ లోపల మిగిలి ఉన్నందువల్లనే ఘరానా మోసం చిల్లర మోసం కాలేదు.

ఇంగ్లీషులో ఈ మలుపు పదహారవ శతాబ్దంలో జరిగింది. ఆ శతాబ్దపు పూర్వార్ధంలో లాటిన్ నుంచి వచ్చినప్పుడు ఈ మాట పొగడ్తే. కొద్ది దశాబ్దాలకే నింద కూడా మొదలైంది. వ్యంగ్యంగా వాడగా వాడగా అలా మారి ఉంటుందని నిఘంటుకర్తలు భావిస్తారు. ఏదైనా పాడుచేసిన పిల్లవాణ్ణి చూసి ‘ఎంత ఘనకార్యం చేశావురా’ అని తల్లి అనడం లాంటిదే అది. నాటక రచయిత క్రిస్టఫర్ మార్లో తైమూరు కథగా రాసి, 1590లో అచ్చయిన రెండు భాగాల నాటకంలో ఒక రాజు తన సామంతులను ఇదే విశేషణంతో గౌరవంగా సంబోధిస్తాడు. 1599 ప్రాంతపు షేక్‌స్పియర్ నాటకం ‘హెన్రీ ది ఫిఫ్త్’లో పిస్టల్ అనే పాత్ర ఒకచోట ఎదుటివాణ్ణి కుక్కా అని తిడుతూ ఈ విశేషణాన్ని తగిలిస్తాడు, మరోచోట ఒక బందీని విడిచిపెట్టడానికి కోరే భారీ సొమ్మును అదే మాటతో చెబుతాడు. ఈ రెండవ వాడుక నాకు చాలా విలువైనది, ఎందుకంటే అందులో మంచీ లేదు, చెడూ లేదు. మామూలును మించిన పెద్దదనం మాత్రమే ఉంది. పొగడ్త నుంచి నిందకు దాటే వంతెన అదే. కాలక్రమంలో పొగడ్త రాలిపోయి నింద నిలిచింది. కాబట్టి నేటి పత్రంలో ఈ మాట కనబడితే ‘ప్రఖ్యాతమైన’ అనే అర్థాన్ని పక్కన పెట్టేయండి. నాలుగు వందల ఏళ్ల కిందటి రచనను అనువదిస్తుంటే మాత్రం దాన్ని మళ్లీ ముందుకు తెచ్చుకోవాలి.

కానీ మంద పోలేదు. ఈ జవాబులో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ‘చాలా చెడ్డ’ అనే అర్థాన్ని ఇంగ్లీషులో డజను మాటలు ఇస్తాయి. ‘ఇగ్రీజస్’ చెప్పేది చెడ్డతనాన్ని మాత్రమే కాదు, పోలికను కూడా. ఇలాంటి తప్పులు లోకంలో ఎన్నో జరుగుతుంటాయి, వాటిని చూసీచూడనట్టు వదిలేస్తాం, లేదా చిన్న దండనతో సరిపెడతాం, ఇది మాత్రం ఆ గుంపులో కలిసేది కాదు, తల పైకెత్తి కనబడుతోంది, అని ఆ మాట వాడినవాడు అంటున్నాడు. అంటే మాట వెనక ఎప్పుడూ ఒక సాధారణ తప్పుల గుంపు నిలబడి ఉంటుంది. ఆ గుంపు ఏదో పట్టుకోకుండా వాక్యాన్ని అనువదించడం మొదలుపెట్టవద్దు.

ఇది ఊహ కాదనడానికి అమెరికా సుప్రీంకోర్టు వాడుకే సాక్ష్యం. అక్కడ పూర్వ తీర్పులను గౌరవించి కొనసాగించాలన్న సంప్రదాయం బలమైనది. ఒక పాత తీర్పు తప్పని నేటి న్యాయమూర్తులకు తోచినంత మాత్రాన దాన్ని కొట్టేయరు. తప్పయినా స్థిరత్వం కోసం ఉంచేయవచ్చు. అలాంటప్పుడు కొట్టేయడానికి ఎంత తప్పు కావాలి? 2020లో రేమోస్ వర్సెస్ లూసియానా కేసులో జస్టిస్ బ్రెట్ కావనా విడిగా రాసిన అభిప్రాయంలో ఈ ప్రశ్ననే వేశారు: పాత తీర్పు ఊరికే తప్పా, లేక తీవ్రంగానో ‘ఇగ్రీజస్’ స్థాయిలోనో తప్పా? రెండేళ్ల తర్వాత, 2022 జూన్ 24న, గర్భస్రావ హక్కుపై 1973 నాటి రో తీర్పును డాబ్స్ కేసులో రద్దుచేస్తూ జస్టిస్ శామ్యూల్ అలిటో ఆ తీర్పు మొదటినుంచే ‘ఇగ్రీజస్లీ రాంగ్’ అని రాశారు. జాతుల వేర్పాటును సమర్థించిన 1896 నాటి ప్లెసీ తీర్పును కూడా ఆ సందర్భంలోనే ప్రస్తావించి, రెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టారు. ముగ్గురు న్యాయమూర్తులు ఆయనతో గట్టిగా విభేదించారు. ఎవరి పక్షం సరైనదన్నది వేరే చర్చ. భాష దృష్టితో చూస్తే, ఆ వాక్యంలో ‘రాంగ్’ అనే మాట ఒక్కటే ఉంటే తీర్పు రద్దుకు ఆధారం చాలదు. బరువంతా దాని ముందున్న క్రియావిశేషణమే మోస్తోంది. దాన్ని తెలుగులో ‘పూర్తిగా తప్పు’ అని రాస్తే తప్పు ఎంత మేర ఉందో చెప్పినట్టవుతుంది గాని, తప్పుల్లో దాని స్థాయి ఏదో చెప్పినట్టు కాదు. ‘మామూలు తప్పు కాదు, మొదటినుంచీ అసాధారణమైన తప్పు’ అని విడదీసి రాస్తే వాదం నిలబడుతుంది.

మన దేశపు న్యాయంలోనూ ఈ ఆలోచన ఉంది, మాట వేరు. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హత్యకు మామూలుగా పడవలసింది యావజ్జీవ శిక్ష అనీ, మరణశిక్ష ‘అరుదైన వాటిలోకెల్లా అరుదైన’ కేసులకే అనీ చెప్పింది. హత్యే ఘోరం. అయినా హత్యల గుంపులోనుంచి కూడా విడిగా నిలిచేదేదో చూడమంటోంది కోర్టు. ‘ఇగ్రీజస్’ అనే మాట చేసే పని సరిగ్గా ఇదే. తెలుగు విద్యార్థులకు ఈ మాటను వివరించవలసి వచ్చినప్పుడు నేను ఈ తీర్పుతోనే మొదలుపెడతాను.

ఇప్పుడు ‘ఘోరమైన’ సంగతి. ఈ మాట మీద నాకున్న అభ్యంతరం చిన్నది కాదు. మన వార్తలలో ఘోర ప్రమాదం ఉంటుంది, ఘోర పరాజయం ఉంటుంది, పురాణాలలో ఘోర తపస్సు కూడా ఉంటుంది. పిడుగు పడి పదిమంది పోతే అది ఘోరమే, అందులో ఎవరి తప్పూ లేకపోయినా సరే. ఘోరంలో ఉన్నది భయం, తీవ్రత. ‘ఇగ్రీజస్’లో ఉన్నది నింద, నిందించడానికి ఒక మనిషో సంస్థో ఉండి తీరాలి. తుఫానును, జ్వరాన్ని, ఓటమిని ఇంగ్లీషువాళ్లు ఈ మాటతో వర్ణించరు. తుఫాను వస్తుందని తెలిసీ హెచ్చరిక జారీచేయని అధికారి నిర్లక్ష్యాన్ని వర్ణిస్తారు.

మరో చిక్కు కూడా ఉంది. చట్టాల ఇంగ్లీషులో ‘హీనస్’ అనే మరో మాట ఉంది, ఘోర నేరం అనేది దానికి మన పత్రికలు ఎప్పుడో కేటాయించిన తెలుగు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో దానికి ఖచ్చితమైన కొలత ఉంది: కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరాలు ఆ తరగతిలోకి వస్తాయి, పదహారు నిండిన బాలుడు అలాంటి నేరం చేశాడన్న ఆరోపణ వస్తే విచారణ క్రమమే మారుతుంది. అటువంటి పారిభాషిక పదాన్ని తెచ్చి కార్యాలయ నియమోల్లంఘనకు తగిలిస్తే చదివేవాడు నేరం, పోలీసు, జైలు అనుకుంటాడు.

అలా అనుకున్న కుటుంబాన్ని నేను స్వయంగా చూశాను. కొన్నేళ్ల కిందట విజయవాడ నుంచి మా దూరపు బంధువులు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చారు. వాళ్ల అబ్బాయి చదువుతున్న అమెరికా విశ్వవిద్యాలయం పంపినది అది. ప్రోగ్రామింగ్ పాఠంలో మూడు అసైన్‌మెంట్లను ఇతరుల దగ్గర నుంచి తీసుకుని తనవిగా సమర్పించాడని ఆరోపణ. అంతకుముందే ఎవరో దాన్ని తెలుగులో రాసిచ్చారు, అందులో ‘ఘోర నేరానికి పాల్పడ్డాడు’ అని ఉంది. తల్లి రెండు రోజులుగా అన్నం తినలేదు, పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుపోతారని. నేను మూలం చదివాను. అందులో నేరమన్న ప్రసక్తే లేదు. మొదటిసారి కాపీ కొట్టిన విద్యార్థికి ఆ ఒక్క పనికి సున్నా మార్కులు వేసి హెచ్చరించడం మామూలు పద్ధతి అనీ, ఇతడిది పదేపదే జరిగింది కనుక ‘ఇగ్రీజస్’ ఉల్లంఘనగా పరిగణిస్తున్నామనీ, అందువల్ల మొదటిసారి అనే సడలింపు వర్తించదనీ ఉంది. గుంపు ఏదో ఉత్తరమే చెప్పింది: మొదటిసారి తప్పు చేసిన మామూలు విద్యార్థులు. తేలవలసిన అసలు విషయం కూడా అక్కడే ఉంది. అబ్బాయి మాత్రం జవాబులో నాలుగు పేజీలు తాను మంచివాడినని రాశాడు. విశ్వవిద్యాలయం అడిగింది మంచితనం గురించి కాదు, స్థాయి గురించి. మూడింటిలో ఒకటి అతడు స్వయంగా రాసుకున్నదే, దాని పాత ప్రతులు తేదీలతో సహా అతడి దగ్గర ఉన్నాయి. మిగిలిన రెండింటినీ ఒప్పుకుని, మూడవదానికి ఆధారం జతచేసి, తన తప్పు ఆ స్థాయికి చేరదని రెండు పేరాలలో రాయించాను. శిక్ష తప్పలేదు గాని, ఒక సెమిస్టరు సస్పెన్షన్‌తో ఆగింది. ఒక విశేషణం తప్పుగా తెలుగులోకి రావడం వల్ల ఆ ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు, పైగా జవాబు దారి తప్పింది. మీరు ఎంచుకున్న అనువాద వృత్తిలో ఇలాంటి ఉత్తరాలు మీ దగ్గరికి తప్పక వస్తాయి కనుకనే ఇంత వివరంగా చెబుతున్నాను.

మరి తెలుగులో ఏమనాలి? ఒక్క మాటతో పని జరగదని ముందే ఒప్పుకోవడం మేలు. పక్కనున్న నామవాచకాన్ని బట్టి మాట మారాలి. అబద్ధానికి, మోసానికి, అన్యాయానికి మనకు ‘పచ్చి’ ఉంది: పచ్చి అబద్ధం, పచ్చి మోసం, పచ్చి అన్యాయం. ఏ సర్దుబాటూ, ఏ సాకూ కలవని అబద్ధమని ఆ మాట చెబుతుంది, వినేవాడికి నింద సూటిగా తగులుతుంది. పత్రికా రచనలో పెద్ద ఆర్థిక మోసానికి ఘరానా కూడా చక్కగా నప్పుతుంది, న్యాయ పత్రంలో మాత్రం అది తేలికగా వినిపిస్తుంది. అధికార దుర్వినియోగానికి, హింసకు ‘దారుణమైన’ అనవచ్చు. ఒప్పందాల, నియమాల, మానవ హక్కుల ఉల్లంఘన దగ్గర నేను ‘అసాధారణ తీవ్రత గల ఉల్లంఘన’ అని రాస్తాను. కాస్త బరువైన పదబంధమే, కానీ ‘అసాధారణ’లో మూలంలోని మంద దాగి ఉంది, సాధారణమైన వాటిలో చేరనిదని పాఠకుడికి తెలుస్తుంది. వైద్యుడి పొరపాటో, లెక్కల పొరపాటో అయితే ‘ఎంతమాత్రం జరగకూడని పొరపాటు’ అంటే సరిపోతుంది. ‘నీచమైన’ అన్న మాటకు మాత్రం దూరంగా ఉండండి. నీచం మనిషి స్వభావాన్ని చెబుతుంది, ఈ విశేషణం చేసిన పని పరిమాణాన్ని చెబుతుంది. సదుద్దేశంతో పనిచేసిన ఇంజినీరు కూడా ఇటువంటి తప్పు చేయవచ్చు. ‘క్షమించరాని’ అన్నది కూడా అనువాదకుడు కలిపిన తీర్పే. మూలం క్షమ గురించి ఏమీ అనలేదు.

దీనికి పక్కింటివాళ్లలాంటి మాటలు ఇంకో రెండున్నాయి, అవి కలగలిసిపోతుంటాయి. ‘ఫ్లేగ్రెంట్’ అనే మాటకు లాటిన్ మూలం మండడం. అందరి కళ్లముందూ భగ్గున మండుతున్నట్టు బాహాటంగా నియమాన్ని తొక్కేయడమన్నమాట. ‘బ్లేటంట్’ కూడా దాదాపు అదే, సిగ్గు లేకుండా అన్న ఛాయతో. ఆ మాటను 1596లో కవి ఎడ్మండ్ స్పెన్సర్ తన కావ్యంలోని ఒక రాక్షస మృగానికి విశేషణంగా కల్పించాడు. ఈ రెండింటిలోనూ బహిరంగత ముఖ్యం. ‘ఇగ్రీజస్’కు ఆ నియమం లేదు. ఖాతాల అడుగున పదేళ్లు దాగి ఉండి, ఆడిటర్ తవ్వితే బయటపడిన అవకతవక ‘ఇగ్రీజస్’ కావచ్చు గాని, ‘బ్లేటంట్’ కాదు. కనుక మూడింటికీ ‘బాహాటమైన’ అని ఒకే తెలుగు రాసేయవద్దు.

మీరే ఇంగ్లీషులో వాడవలసి వస్తే ఒక జాగ్రత్త చెబుతాను. ఎర్రర్, బ్రీచ్, వయొలేషన్, అబ్యూజ్, మిస్‌కాండక్ట్, ఎగ్జాంపుల్ వంటి నామవాచకాల పక్కన ఇది సహజంగా కూర్చుంటుంది. మూర్ఖుడు, అబద్ధాలకోరు వంటి మనుషుల పక్కన పెట్టడం పాత ఇంగ్లీషులో ఎక్కువ, ఇప్పుడు తగ్గింది. మాటలోనే ఆధిక్యం ఉంది కనుక ముందు ‘వెరీ’ తగిలిస్తే నప్పదు; చాలా ఘరానా మోసం అంటే మనకు ఎలా వినిపిస్తుందో అలాగే ఉంటుంది. అయితే ఇలాంటి వాటిలోకెల్లా పెద్దది అని చెప్పే ‘మోస్ట్ ఇగ్రీజస్’ చాలా వాడుకలో ఉంది, అది పోలికను బలపరుస్తుంది కాబట్టి. మరొకటి, ఈ మాట వాడిన తర్వాత వాక్యంలోనైనా అది ఎందుకు సాధారణం కాదో చూపించాలి. ఎన్నిసార్లు జరిగింది, ఎవరు హెచ్చరించారు, ఎంత నష్టం వచ్చింది అన్నది చెప్పకుండా ఆ విశేషణం మాత్రమే విసిరితే అది కోపంగా మిగులుతుంది, వాదంగా నిలవదు. ఫిర్యాదు పత్రాలు రాసేవారికి నేను మొదట వాస్తవాలు రాయమని, చివరికి అవసరమైతేనే ఈ మాట చేర్చమని చెబుతాను. ఎక్కువసార్లు చివరికి దాని అవసరమే ఉండదు.

ఇక మీ తమ్ముడి ఉత్తరం. అతడి మనసు నాకు అర్థమైంది. క్షమాపణలో ఎంత పెద్ద మాట వాడితే అంత వినయమని మన చదువు మనకు నేర్పింది. తెలుగులో ‘నా వల్ల మహాపరాధం జరిగింది, మన్నించండి’ అంటే ఎవరూ దాన్ని నేరాంగీకారంగా తీసుకోరు. అమెరికా కార్యాలయంలో ఆ పద్ధతి చెల్లదు. అక్కడ చాలా సంస్థల సిబ్బంది నియమావళిలో క్రమశిక్షణ మెట్లుమెట్లుగా ఉంటుంది, ముందు నోటి హెచ్చరిక, తర్వాత రాతపూర్వక హెచ్చరిక, ఆ తర్వాతే తొలగింపు. అయితే దుష్ప్రవర్తన ‘ఇగ్రీజస్’ అయితే ఈ మెట్లన్నీ దాటి ఉద్యోగం తీసేయవచ్చని అదే నియమావళిలో సాధారణంగా రాసి ఉంటుంది. తేదీలో ఒక అంకె తప్పు పడినందుకు ఆ తరగతి మాటను సొంత చేతితో రాసి, సంతకం చేసి ఇవ్వడం ఎందుకు? సహృదయుడైన అధికారి నవ్వి ఊరుకోవచ్చు, కానీ ఆ కాగితం ఫైలులో ఉంటుంది, రేపు ఆ కుర్చీలోకి మరొకరు రావచ్చు. ఆ విశేషణాన్ని పూర్తిగా తీసేయమనండి. దాని స్థానంలో ‘సీరియస్’ వంటి ఇంకో మాటను కూడా పెట్టవద్దు. తేదీ తప్పు పడిందని, అందుకు చింతిస్తున్నానని, అసలు తేదీ ఫలానా అని మూడు చిన్న వాక్యాలు చాలు. సరిచేసిన నివేదికను ఆ ఉత్తరానికే జతచేసి ఈ రోజే పంపమనండి.